సౌండు తీసేసిన పెళ్లిళ్లు

పెళ్లి వీడియో మిక్సింగ్‌కు కూర్చోగానే నేను చేసే మొదటి పని దాని సౌండు తీసేయడం. కెమెరాలోంచి వచ్చిన బొమ్మను కంప్యూటర్‌లో పరుస్తాను. కింద పచ్చగా పాకుతూ ఉండే శబ్దం గీతను బొమ్మ నుంచి విడదీసి డిలీట్ కొడతాను. ఆ తర్వాతే టీ. ఇన్నేళ్లుగా మదనపల్లెలో మా చిన్న స్టూడియోలో ఇదే పద్ధతి. నాకు తెలిసిన మిక్సింగ్ వాళ్లందరూ ఇట్లాగే చేస్తారు కాబట్టి ఇదొక తప్పని ఎప్పుడూ తోచలేదు.

దీనికి కారణం లేకపోలేదు. కొత్తలో మేమూ సౌండుతోనే ఇచ్చేవాళ్లం. ఒక పెళ్లిలో మగపెళ్లివారి పెద్దమనిషి ఒకాయన కెమెరా పక్కనే నిలబడి, "ఈళ్ల మొగాలకి పప్పూ చారే ఎక్కువ, మనమే కోరి వొచ్చి పడితిమి" అని నిమ్మళంగా అన్నాడు. మేం వినలేదు గానీ కెమెరా విన్నది. ఆడపెళ్లివారు ఇంటిల్లిపాదీ కూర్చుని టీవీలో చూసుకుంటుంటే ఆ మాట ఖంగున వచ్చింది. పంచాయతీ మా షాపు మెట్ల దాకా వచ్చింది. ఆ రోజు మా ఆయన తేల్చి చెప్పేశాడు: "ఇంక మన వీడియోలో మనిషి గొంతే ఇనపడగూడదు. సినిమా పాటలు ఏసెయ్. పాట ఎవుర్నీ తిట్టదు." నాకు నవ్వొచ్చింది, న్యాయంగానూ అనిపించింది.

మా ఆయన తీస్తాడు, నేను పక్కన నిలబడి ఎవరేం చేయాలో చెబుతాను, తర్వాత మిక్సింగ్ చేస్తాను. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన హెచ్‌డీ కెమెరా తక్కువకు దొరికితే తెచ్చుకున్నాం. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని కూర్చున్నాను. పెళ్లికూతురి ముక్కుపుడక రాయిలో పందిరి మొత్తం కనపడింది. ఉండేది ఒకటే కెమెరా కాబట్టి దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి, చేతుల మీద ఒకసారి అంటూ ప్రతి తంతునూ రెండు మూడు సార్లు చేయించేవాళ్లం. తాళి ఒక్కటే ఒకసారి కట్టనిచ్చాం.

డీవీడీల కాలం పోయింది. ఇప్పుడు ఎవరినడిగినా "లింకు పంపీయక్కా" అంటారు. నెట్ కోసం వీడియోను తయారు చేయడం నేను పడీ లేచీ నేర్చుకున్నాను. పొద్దంతా జరిగిన పెళ్లిని ఇరవై నిమిషాలకు కోయాలి. ఫోనులో ఆగి ఆగి చక్రం తిరక్కుండా ఆడేట్టు సైజు తగ్గించాలి. ముందు ఒక మంచి బొమ్మ అతికించి ఎక్కించాలి. పార్టీ, అంటే పెళ్లివారు, చూసుకుని "బాగుండాది" అనగానే అసలు వీడియో మొత్తం చెరిపేస్తాను. హార్డ్ డిస్కులో చోటు రేపటి పెళ్లికి కావాలి మరి. చెరిపేటప్పుడు ఇల్లు ఊడ్చినంత హాయిగా ఉండేది.

మా అమ్మది పుంగనూరు పక్క పల్లె. చిన్నప్పటి నుంచీ కూలి పనికి పోయిన మనిషి. నాట్లలోనో కలుపులోనో నేర్చిందో ఏమో, నలుగు పాటలు ఆమెకు కొట్టిన పిండి. పెళ్లికూతురికి పసుపూ నలుగు పిండీ పెట్టేటప్పుడు ఆమె ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకునేవాళ్లు. మగపెళ్లివారి మేనత్త కొప్పునూ, మామ పొట్టనూ అప్పటికప్పుడు పాటలో కలిపేది. తిట్టించుకున్నవాళ్లే ఎక్కువ నవ్వేవాళ్లు. చుట్టుపక్కల ఏ పల్లెలో పెళ్లయినా ముందు మా అమ్మకు తాంబూలం, తర్వాత మా కెమెరాకు కబురు. ఒకే ఆటోలో పోయేవాళ్లం.

ఒకసారి అమ్మ స్టూడియోకు వచ్చి నా వెనక నిలబడి చూసింది. తెర మీద ఆమే పాడుతోంది, వినపడేది సినిమా పాట.

"నా పాట యాడ పాపా?"

"తీసేసినా మా. జనరేటర్ మోత, బండబూతులు, అన్నీ ఉండాయి దాంట్లో."

"నా పాట గూడా బండబూతేనా?" అని నవ్వింది.

"నలుగు పాట ఈ కాలంలో ఎవురింటారు మా? పార్టీకి సినిమా పాటే ఇష్టం."

ఆమె కొంగు సర్దుకుని బయటికి నడిచింది. నేను తల తిప్పి చూడలేదు.

మా ఆయనకు మాత్రం పట్టుదల పుట్టింది. చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు తెప్పించాడు. "అత్తా, నీ పాటలన్నీ తీసి మనమే ఛానెల్ పెడదాం. అన్నీ నీ గొంతుతోనే" అన్నాడు. అమ్మ నమ్మింది. ఒక పొద్దున తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చి గోడ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. అదే సమయానికి ఏదో పార్టీ ఫోన్ చేసి లింకు తెరుచుకోలేదని అరిచింది. నేను కంప్యూటర్ ముందుకు పరుగెత్తాను. మధ్యాహ్నం దాకా కూర్చుని, "ఇంకో దినం సూసుకుందాంలే పాపా" అని లేచిపోయింది. ఆ తర్వాత ముహూర్తాలు వచ్చాయి. ముహూర్తాలు అయిపోయాక మళ్లీ ముహూర్తాలు వచ్చాయి. మాకు ఖాళీ దొరకలేదు. అబద్ధం ఎందుకు, మేం వెతకలేదు.

మొన్న వేసవిలో నీళ్ల బిందె దించుతూ అమ్మ కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతోపాటు మాట, మూడూ ఒక్కసారే పోయాయి. నోరు ఒక పక్కకు లాగేసింది. చెప్పింది అర్థమవుతుంది, కానీ బదులు చెప్పబోతే "బా... బా..." అని మాత్రమే వస్తుంది. ఊరందరికీ పేర్లు కలిపి పాట కట్టిన మనిషి, నీళ్లు కావాలని అడగలేక కోపంతో గ్లాసు తోసేస్తుంటే నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

ఆసుపత్రిలో మాట నేర్పించే మేడమ్ ఒకామె ఉంది, నెమ్మదైన మనిషి. అమ్మ ఏం చేసేదని అడిగింది. పెళ్లిళ్లలో పాడేదని, ఆ పెళ్లిళ్లకు మేమే వీడియో తీసేవాళ్లమని చెప్పాను. ఆమె ముఖం వెలిగింది.

"మాట పోయినా పాట మిగిలి ఉంటుంది కొందరికి. ఆమె పాడిన పాటే, ఆమె గొంతుతోనే ఉంటే రోజూ వినిపించండి. వెంట పాడటానికి ప్రయత్నిస్తుంది. పాటలోంచి మెల్లగా మాటలు రావచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి, ఈ మొదటి నెలలే ముఖ్యం. మీది వీడియోల పనే కదా, రికార్డింగులు బోలెడు ఉండి ఉంటాయి."

"బోలెడు ఉండాయి మేడమ్" అన్నాను. సంతోషంగా అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంటికి వచ్చి హార్డ్ డిస్కులన్నీ తీశాను. ఉన్నవన్నీ నెట్ కోసం సైజు తగ్గించిన కాపీలే. ప్రతి పెళ్లిలోనూ అమ్మ ఉంది. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, గొంతు నరాలు తేలేట్టు పాడుతోంది. వినపడేది ఎవరో హీరో హీరోయిన్ల పాట. నెట్‌లో ఎక్కించినవి చూస్తే ఇంకా అన్యాయం. పాట హక్కుదారులు అభ్యంతరం చెప్పినందుకు చాలావాటికి శబ్దం ఆపేసి ఉంది. పైనున్న పాట పోయింది, కింద నేనే ఏమీ మిగల్చలేదు. అరవై పెళ్లిళ్ల దాకా తిరగేశాను. ఒక్కదాంట్లోనూ అమ్మ గొంతు లేదు. దొంగలెవరూ పడలేదు, వరదలేమీ రాలేదు. అన్నింటినీ నా చేతులతో నేనే చెరిపాను.

అమ్మ పాటలు నాకే వచ్చు గదా అనుకుని పక్కన కూర్చుని పాడబోయాను. పల్లవి సగానికే సినిమా బాణీలోకి జారిపోయింది. అమ్మ తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగింది. పుంగనూరులో ఆమెతో కలిసి పాడే పెద్దామె దగ్గరికి పోయాను. "మీయమ్మ ఎత్తితే మేం అందుకునేటోళ్లం పాపా. ఎత్తేది మాకు రాదు" అంది పాపం. బంధువుల ఫోన్లలో వెతికించాను. ఫోన్లు మారిపోయాయి, ఉన్న ఒకటి రెండింటిలో వాళ్లూ పాటలు అతికించుకున్నారు. మా పద్ధతి ఊరికంతా నేర్పినట్టున్నాం.

అప్పుడు గుర్తొచ్చింది మా ఆయనకు. "కుప్పంలో ఇచ్చిన పెండ్లికూతురు ఉండాది సూడు, మిక్సింగ్ చేసిందీ కావాల, చెయ్యందీ కావాల అని సతాయించింది. కెమెరా కార్డులో ఉండేదంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిచ్చినాం."

నిజమే. ఆ పెళ్లికి అమ్మే నలుగు పాడింది. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి, "బద్రంగా ఉండాదక్కా, ఆదివారం రాండి. మిగతా దినాలు బెంగళూరు రైలుకు పనికి పోతా" అంది. ఆదివారం దాకా నాలుగు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. అమ్మతో చెప్పేశాను కూడా: "నీ పాట దొరికింది మా. తెస్తా ఉండు." అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పొద్దున్నే బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, స్పీకరు తగిలించి, తనూ పక్కన కూర్చుంది. పందిరి, పసుపు గిన్నె, ఆడవాళ్లు, మధ్యలో మా అమ్మ. దూరం నుంచి తీసిన ముక్క. అమ్మ పాడుతోంది. కానీ కెమెరా మేళం పక్కనే పెట్టినట్టున్నాం, డోలూ సన్నాయీ తప్ప ఏమీ వినపడలేదు. చెవి స్పీకరుకు ఆనించాను. ఏమీ లేదు.

"ఉండక్కా, మళ్లీ తీసినారు కదా" అంది ఆ అమ్మాయి.

అవును, దగ్గర నుంచి తీసిన ముక్క ఉంటుంది. వచ్చింది. మేళం ఆగింది. పందిరి నిశ్శబ్దంగా ఉంది. ఎవరివో గాజులు గలగలమనడం కూడా స్పష్టంగా వినపడుతోంది. తెర నిండా అమ్మ ముఖం. ఇప్పుడొస్తుంది అనుకున్నాను. వచ్చింది నా గొంతు.

"మా, ఈసారి పాడొద్దు. పాడేటప్పుడు నీ నోరు వంకర పోతాది, దగ్గర్నించి తీస్తే బాగుండదు. కండ్లు గూడా మూసుకుంటావు. కండ్లు తెరిసి ఊరికే పెదవులు ఆడించు, సాలు. ఎట్టాగూ నీ పాట ఏసేది లేదు."

అమ్మ కెమెరా పక్కకు, అంటే నా వైపు చూసింది.

"సరే పాపా" అంది.

ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఆమె పెదవులు ఆడించింది. ఒక్క పదం తప్పకుండా, చరణాలన్నీ, సద్దు చేయకుండా. అంత శుభ్రమైన సౌండు మా కెమెరా ఎప్పుడూ పట్టలేదు.

"ఆయమ్మ యాల పాడలేదక్కా?" అని అడిగింది ఆ అమ్మాయి. "నేనే వద్దంటిని" అన్నాను. ఆ ముక్కను నా ఫోనులోకి ఎక్కించుకుని, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేశాను. బస్సులో పలమనేరు దాకా చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు.

ఇంటికి వస్తే అమ్మ గుమ్మం వైపే చూస్తూ ఉంది. మా ఆయన అంతా విని, "ఆ రెండు మాటలు అత్త గొంతే కదా, వినిపించు" అన్నాడు. నా మాటలు కోసేసి ఆమె మాటలే ఉంచుదామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. కోయడం ఒక నిమిషం పని. ఆమె నుంచి ఇంక దేన్నీ కోయడానికి నాకు చేతులు రాలేదు. ఉన్నదున్నట్టు పెట్టాను.

అమ్మ ఫోనులో తన ముఖం చూసుకుంది. నా మాటలు మొత్తం విన్నది. "సరే పాపా" అన్నప్పుడు కళ్లు పైకెత్తి నన్ను చూసింది. నేను మళ్లీ అదే అడుగుతున్నాననుకుందో ఏమో నాకు తెలియదు. బాగున్న ఎడమ చెయ్యి ఎత్తి, వంకర పోయిన నోటిని వేళ్లతో సరిగ్గా పట్టుకుంది. కళ్లు పెద్దవి చేసి, మూయకుండా, పెదవులు ఆడించడం మొదలుపెట్టింది.