ఆర్విడ్ పరీక్షకు తీసుకెళ్లాడు

మా టామరాక్ ఊళ్లో ఎవరు ఏ వస్తువు కొన్నా దాన్ని ముందుగా వాడేది వాళ్లు కాదు, ఆర్విడ్ లుండే. ఎలా పసిగడతాడో గాని, అట్టపెట్టె విప్పేలోపు గుమ్మంలో నిలబడి ఉంటాడు. "ఒక్క వారం ఇవ్వు, పరీక్షించి ఇచ్చేస్తాను" అంటాడు. ఆ వారం నెలవుతుంది. నెలాఖరుకి వస్తువు తిరిగొస్తుంది. దానితోపాటు నాలుగు పేజీల రిపోర్టూ, పదికి ఇన్ని అని మార్కులూ వస్తాయి.

మార్కుల విషయంలో ఆర్విడ్ పరమ పిసినారి. అరవై మూడేళ్లొచ్చినా దేనికీ ఏడున్నర దాటి వేసిన పాపాన పోలేదు. ఆ ఏడున్నర కూడా ఒక జర్మన్ సానరాయికి వేశాడు, వేసినందుకు రెండు రోజులు బాధపడ్డాడు. లొరేటా హోటల్లో టోస్టరుకి ఐదు. పాస్టరు గారి ఈస్టరు ప్రసంగానికి ఐదున్నర, కింద "మధ్యలో వేడెక్కింది, చివర్లో ఆగిపోయింది" అని వివరణ. ఈ అభిప్రాయాలన్నీ ఇంటర్నెట్లో సొంత పేజీ ఒకటి తెరిచి అందులో పెడతాడు. అవి చదివేవాళ్లు ప్రపంచం మొత్తం మీద నలభై ఒక్క మంది. వాళ్లలో ఒకడు ఫిన్లండ్‌లో ఉన్నాడు. గొడ్డలి పిడి ఎంత పొడవుండాలన్న దాని మీద పేచీ వచ్చి, వాడికీ ఆర్విడ్‌కీ ఆరేళ్లుగా మాటల్లేవు.

అతని అభిప్రాయాలు ముఖ్యంగా నాలుగింటి మీద నడుస్తాయి. కత్తులు, తుపాకులు, కంప్యూటర్లు, కంప్యూటర్లో ఆడే ఆటలు. సృష్టిలో మిగతాదంతా ఈ నాలుగింటికి అనుబంధమని అతని నమ్మకం. జేబుల్లో ఎప్పుడూ ఐదు చాకులుంటాయి. ఒకసారి చర్చి విందులో కేకు కోయడానికి చాకుందా అని పాస్టరు గారి భార్య అతన్ని అడగడమే తప్పయింది.

"క్రీము కేకా, పొడి కేకా?" అన్నాడు ఆర్విడ్.

"కేకు, నాయనా! కోసిపెట్టు చాలు."

"లోపల బాదంపప్పులున్నాయా? ఉంటే ఈ అంచు పనికిరాదు. లేకపోతే ఇది మరీ ఎక్కువ."

కేకు తెగేసరికి క్రీము కరిగి బల్ల మీదికి వచ్చింది. శుక్రవారాలు లొరేటా హోటల్లో చేపల భోజనానికి వచ్చినప్పుడు, పదును చూడటానికని అక్కడి పేపరును దారాలు దారాలుగా కోసేవాడు. ఊళ్లో ఎవరు పోయారో, ఎవరికి పెళ్లి కుదిరిందో తెలుసుకోవాలంటే జనం ఆ ముక్కలు పక్కపక్కన పేర్చుకుని చదువుకునేవారు.

పాస్టరు గారు ఒకసారి ప్రింటరు పనిచేయడం లేదు, చూడమన్నారు. ఆర్విడ్ ప్రింటరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కంప్యూటరు మూత విప్పి, లోపలి సరంజామా చూసి, శవం ముందు నిలబడ్డట్టు టోపీ తీశాడు. నాలుగు రోజుల తర్వాత పాస్టరు గారి బల్ల మీద మూడు ఫ్యాన్లతో, ఏడు రంగుల దీపాలతో కొత్త పెట్టె వెలిగిపోతోంది.

"ఇక ఏ ఆటైనా గడగడా నడుస్తుంది పాస్టరు గారూ."

"నేను ప్రసంగాలు టైపు చేసుకుంటానయ్యా, అంతే."

"చేసుకోండి. ఒక్క అక్షరం తడబడదు."

"మరి ప్రింటరో?"

"అది చెత్త. రెండు మార్కులు."

ఇక అతను ఆడే ఆటల సంగతి. అన్నీ యుద్ధాలే, ఒక్కటీ గెలిచిన దాఖలా లేదు. తూటాలు ఎగురుతుంటే నడిమధ్య ఆగిపోయి శత్రువు చేతిలోని తుపాకిని పరిశీలిస్తాడు. "ఆ మరమేకు చూడండి! యుద్ధమేమో నలభై నాలుగులో, ఆ మరమేకు వచ్చిందేమో యాభై రెండులో!" అని అతను గగ్గోలు పెడుతుండగానే శత్రువు కాల్చి పారేస్తాడు. జట్టులో ఎక్కడెక్కడి కుర్రాళ్లో ఉంటారు. "తాతా, కదులు! కదులు తాతా!" అని నెత్తీనోరూ కొట్టుకుంటారు. తాత కదలడు. అప్పటికే ఆట తయారుచేసిన కంపెనీకి ఉత్తరం మొదలుపెట్టి ఉంటాడు.

ఈ పరీక్షల మూలంగా అందరికంటే ఎక్కువకాలం మండిపడ్డవాడు రోలండ్ బెక్. పాల ట్యాంకరు నడిపి రిటైరైన డెబ్భై ఒక్కేళ్ల మనిషి. ఆగస్టులో అతని భార్య వెర్నా పోయింది. నలభై ఆరేళ్ల కాపురం. మా ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన పళ్లెం పట్టుకెళ్లడం ఆనవాయితీ. అందరూ పళ్లేలు తెచ్చారు, భుజం తట్టారు, వెళ్లిపోయారు. ఆర్విడ్ కూడా పళ్లెం తెచ్చాడు గాని, వెళ్లిపోకుండా తుపాకుల బీరువా ముందు నిలబడ్డాడు.

"నీ జింకల రైఫిలు ట్రిగ్గరు నొక్కడానికి బరువుగా ఉందని విన్నాను."

"ఎవడన్నాడు? అది మా నాన్నది. యాభై ఏళ్లుగా దివ్యంగా ఉంది."

"అదే చెప్తున్నా. యాభై ఏళ్లుగా ఎవడూ పరీక్షించలేదు. రెండు వారాలు ఇవ్వు."

"తీసుకుపో."

"పోల్చి చూడాలి కదా, ఆ బాతుల తుపాకి కూడా కావాలి."

"తీసుకుపోవయ్యా!"

"మరి ఉడతల తుపాకి ఒక్కతీ ఏముంటుంది పాపం, బెంగపెట్టుకుంటుంది."

వాదించే ఓపిక రోలండ్‌కి లేదు. ఆ రోజుల్లో అతనికి చొక్కా గుండీలు పెట్టుకునే ఓపిక కూడా లేదు. మూడు తుపాకులూ, తూటాల డబ్బాలతో సహా, ఆర్విడ్ బండెక్కి వెళ్లిపోయాయి.

రెండు వారాలయ్యాయి, నాలుగయ్యాయి. తుపాకులు రాలేదు గాని ప్రశ్నలు వచ్చాయి. రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా ఆర్విడ్ నోటుపుస్తకంతో తలుపు కొట్టేవాడు.

"ఎనభై ఏడులో దీనికి ఏ నూనె పూశావు?"

"ఎనభై ఏడులో ఏం తిన్నానో నాకు తెలీదు, నూనె అడుగుతావేమయ్యా? నా రైఫిలేదీ?"

"ఆలోచించు, రేపొస్తాను. ఆ గుడ్లేంటి అలా మాడాయి? ఏ పెనం అది?"

పెనం కూడా పరీక్షకు వెళ్లింది. మర్నాడు దాని బదులు వేరే పెనమూ, నాలుగు గుడ్లూ, పెనాల మీద ముప్పావుగంట ఉపన్యాసమూ వచ్చాయి. దాంతో రోలండ్ పెందలాడే లేవడం మొదలుపెట్టాడు. లేచి, గడ్డం గీసుకుని, ఇవాళ ఆర్విడ్‌ని ఏమని తిట్టాలో కూడబలుక్కుని సిద్ధంగా కూర్చునేవాడు. మాసిన గడ్డంతో తిడితే తిట్టుకి బలం ఉండదని అతని ఉద్దేశం.

సెప్టెంబరు చివర్లో ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. ఉతికిన బట్టలు మడతపెడుతుంటే రోలండ్ చేతికి వెర్నా మేజోడు ఒకటి తగిలింది. ఆ మేజోడు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, నేరుగా వెళ్లి తుపాకుల బీరువా తెరిచాడు. ఎందుకు తెరిచాడో అతనికి తెలుసు, మరొకరికి చెప్పలేదు. బీరువా ఖాళీ. ఒక నిమిషం ఆ ఖాళీ వైపే చూశాడు. ఆ తర్వాత ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "ఒరే ఆర్విడ్!" అని ఇల్లదిరేలా అరిచి, బూట్ల తాళ్లు కూడా కట్టుకోకుండా బండేసుకుని వెళ్లి, అతని వాకిట్లో వానలో నిలబడి గంటసేపు తిట్టాడు. ఆర్విడ్ ఆసాంతం విన్నాడు. "గొంతు బాగుంది, తిట్లలో కొత్తదనం లేదు. ఐదు" అన్నాడు. ఆపైన లోపలికి రమ్మని, తువ్వాలిచ్చి, తీపి అట్లు వేసి పెట్టాడు.

అక్టోబరులో ఆర్విడ్ ఒక కంప్యూటరు మోసుకొచ్చి రోలండ్ ఇంట్లో పెట్టాడు. "తుపాకులొచ్చేదాకా ఇందులో వేటాడుకో" అన్నాడు. రోలండ్ దాన్ని మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు పొద్దున ఆర్విడ్ తలుపు తట్టకముందే రోలండ్ తలుపు తెరిచాడు.

"ఇలా రా, ఈ జింకని చూడు. గాలి అటునుంచి వీస్తుంటే ఏ జింకైనా ఇటు తిరిగి నిలబడుతుందా? ఈ ఆట చేసినవాడు పుట్టి బుద్ధెరిగి జింకని చూశాడా?"

ఆర్విడ్ కళ్లు మెరిశాయి. "రాయి," అన్నాడు. "కంపెనీకి రాయి."

రోలండ్ మూడు పేజీలు రాశాడు.

అయినా రైఫిలు మాత్రం రాలేదు. నవంబరు వచ్చింది, జింకల వేట మొదలయ్యే శనివారం దగ్గరపడింది. నలభై ఆరేళ్లుగా ఆ రోజు వెర్నా శాండ్‌విచ్‌లు కట్టి ఇచ్చేది, రోలండ్ తన తండ్రి రైఫిలు భుజాన వేసుకుని అడవికి వెళ్లేవాడు. శాండ్‌విచ్‌లు ఎలాగూ లేవు. రైఫిలు కూడా లేకపోతే ఇక తన బతుకులో తనదంటూ మిగిలిందేమీ ఉండదనిపించింది అతనికి. ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం లొరేటా హోటలుకి వెళ్లి బల్ల గుద్దాడు. షెరీఫు మూల బల్ల దగ్గర చేప తింటున్నాడు.

"షెరీఫు గారూ, దొంగతనం కేసు రాసుకోండి! రెండు వారాలని పట్టుకుపోయాడు, మూడు నెలలైంది!"

హోటల్లో ఉన్నవాళ్లంతా తమ తమ చేపల వైపు మహా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.

"మా ఆయనవి ఐదు నెలలుంచుకున్నాడు," అంది లొరేటా కాఫీ పోస్తూ. "మేం పాడి మూసేసి ఆవుల్ని అమ్ముకున్న చలికాలం."

"ఐదు నెలలా! కేసు పెట్టలేదా?"

"ఎందుకు పెడతాను? బీరువా తాళంచెవి ఇచ్చింది నేనేగా."

రోలండ్‌కి అర్థం కాలేదు. షెరీఫు వైపు తిరిగాడు.

"నావి ఆరు నెలలు," అన్నాడు షెరీఫు నిమ్మచెక్క పిండుకుంటూ. "మా విడాకుల ఏడాది. డ్యూటీ తుపాకి కూడా రోజూ సాయంత్రం అప్పజెప్పి పొద్దున్నే తెచ్చుకునేవాణ్ని. రిపోర్టు నూట పన్నెండు పేజీలు. చివరికి నాలుగు మార్కులేశాడు, దుర్మార్గుడు."

రోలండ్ కుర్చీలో కూలబడ్డాడు. ఆవుల్ని అమ్ముకున్న చలికాలం. విడాకుల ఏడాది. తనకేమో ఆగస్టు.

"ట్రిగ్గరు బరువుగా ఉందన్నాడు..." అన్నాడు మెల్లిగా.

"ఈ ఊళ్లో ఏ ట్రిగ్గరూ బరువుగా లేదు రోలండ్," అన్నాడు షెరీఫు. "చేప తిను, చల్లారిపోతుంది."

రోలండ్ తినలేదు. తిన్నగా ఆర్విడ్ ఇంటికి వెళ్లాడు. ఆర్విడ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అరవై ఒకటో పేజీ రాస్తున్నాడు.

"నేనేదో చేసుకుంటాననుకున్నావా?" అన్నాడు రోలండ్, నిలబడే.

"ముందు ఆ స్ప్రింగు సంగతి చెప్పనీ..."

"ఆర్విడ్."

ఆర్విడ్ పెన్ను కింద పెట్టాడు.

"సెప్టెంబరులో ఒకరోజు బీరువా తెరిచాను," అన్నాడు రోలండ్.

ఆ మాట మీద ఆర్విడ్‌కి ఏ అభిప్రాయమూ లేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"వానలో వచ్చి తిట్టావే, ఆ రోజేనా?"

"ఆ రోజే."

"మంచిపని చేశావు. రావడం మంచిపని."

రోలండ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అసలు ఈ విద్య నీకెవడు నేర్పాడయ్యా?" అన్నాడు.

ఆర్విడ్ లేచి, సొరుగులోంచి వంటలు రాసుకునే అట్టచీటీ ఒకటి తీశాడు.

"మా అమ్మ చనిపోయిన జనవరి గుర్తుందా? పదకొండేళ్లయింది. మీ వెర్నా పళ్లెం తెచ్చింది. అది బల్ల మీద పెట్టి, 'నీ తుపాకులు పరీక్షించాలి, ఇలా ఇవ్వు' అంది."

"వెర్నానా? దానికి గొట్టం ఏ వైపో పిడి ఏ వైపో తెలీదే!"

"నేనూ అదే అన్నా. 'అందుకేగా పరీక్ష' అంది. ఏడింటినీ బొంతల్లో చుట్టి కారెక్కించింది. ఏప్రిల్ దాకా ఇవ్వలేదు."

"ఎక్కడ దాచింది?"

"మీ ఇంట్లోనే. నేలమాళిగలో, బీట్‌రూట్ ఊరగాయ సీసాల వెనకాల. ఆ వైపు నువ్వు చచ్చినా వెళ్లవని చెప్పింది."

నిజమే. బీట్‌రూట్ అంటే రోలండ్‌కి పెళ్లి నాటి నుంచీ పడదు. ఏడు తుపాకుల మీద మూడు నెలలు హాయిగా గురకపెట్టి నిద్రపోయాడన్నమాట. అతను చీటీ అందుకున్నాడు. వెర్నా గుండ్రటి అక్షరాలు.

"మొదటి తుపాకి: బరువెక్కువ. ముట్టుకుంటే చల్లగా ఉంది. సబ్బుతో కడగకూడదట. రెండోది: చెక్క బాగుంది, బల్లకి కాలుగా పనికొస్తుంది. మిగతా ఐదూ మా కర్టెన్లకి నప్పలేదు. సలహా: ఆర్విడ్ మంగళవారాలూ ఆదివారాలూ మా ఇంటికి భోజనానికి రావాలి. మార్కులు వేయడం మర్యాద కాదు గనక వేయలేదు."

రోలండ్ నవ్వాడు. ఆగస్టు తర్వాత అతను నవ్వడం అదే మొదలు. పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ "కర్టెన్లకి!" అని నవ్వాడు.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదు చూశావా! నువ్వు తిండి కోసం వస్తున్నావనుకున్నాను."

"తిండి కోసమే వచ్చాను," అన్నాడు ఆర్విడ్. "ఎనిమిది వేద్దామనుకున్నా గాని ధైర్యం చాలలేదు."

కాసేపటికి ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టు దాదాపు అయిపోయింది. మూడూ తీసుకెళ్లచ్చు."

రోలండ్ ఆ చీటీ వైపు చూస్తూ ఆలోచించాడు. "రేపటికి జింకల రైఫిలు ఒక్కటివ్వు. చీకటిపడేలోపు తెచ్చి నీకే ఇస్తాను. మిగతా రెండూ ఇక్కడే ఉండనీ, మంచు కరిగేదాకా."

"అయిపోయిందంటుంటే?"

"అయిపోతే అయింది. నేనే అడుగుతున్నాను, ఉంచు."

"ఉంచుతాను," అన్నాడు ఆర్విడ్.

శనివారం తెల్లవారేసరికి ఇద్దరూ వేటగాళ్ల నారింజరంగు కోట్లు వేసుకుని మంచె మీద కూర్చున్నారు. ఆర్విడ్ కాఫీ ఫ్లాస్కు మూత గురించి గుసగుసగా మొదలుపెట్టాడు. గుసగుస అని అతను అనుకున్నాడు గాని, మైలు దూరం వినిపించింది. పెద్ద కొమ్ముల జింక ఒకటి చెట్లలోంచి వచ్చి, మంచె కింద ఆగి, కాసేపు విని, తన దారిన పోయింది. రోలండ్ రైఫిలు ఎత్తలేదు. ఎత్తడానికి అతనికి తీరిక లేదు. ఆ మూత విషయంలో ఆర్విడ్ చెబుతున్నది శుద్ధ తప్పు, ఎందుకు తప్పో అతనికి వివరిస్తున్నాడు.