కొలతలక్క

ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో అందరూ ఆమెను కొలతలక్క అంటారు. ఏ ప్రోగ్రాం ఎంత మెమరీ వాడుకోవచ్చో పరిమితి పెట్టడం ఆమె పని. గాలిలో లెక్కలు ఆమెకు గిట్టవు. కళ్లద్దాల కాడ కొరుకుతూ వారం రోజులు గంటగంటకూ తెర చూస్తుంది. అన్నిటికన్నా పెద్ద అంకెకు పావువంతు కలిపి, అక్కడ గీత గీస్తుంది.

ఒక సోమవారం పొద్దున రక్తపరీక్షల ప్రోగ్రాం ఆ గీత దాటింది. సిస్టమ్ దాన్ని ఠక్కున ఆపేసింది. వార్డు నుంచి నర్సు ఫోను చేసింది: "పసిబిడ్డ రిపోర్టు రావట్లేదండీ! అది చూస్తేగాని మందు వెయ్యనంటున్నారు డాక్టరుగారు."

"ఆ పరిమితి పీకిపారెయ్యక్కా, పీడా పోతుంది," అన్నాడు పక్క సీటతను.

"పీకేస్తే ఉన్న మెమరీ అంతా ఇదే మింగేస్తుంది నాయనా. ఐసీయూ ప్రోగ్రాం కూడా ఈ మెషీన్లోనే ఉంది."

మెమరీ ఎంత ఖాళీ ఉందో చూసుకుని గీతను పైకి జరిపింది. ప్రోగ్రాం మళ్లీ మొదలైంది. రిపోర్టు అందిందని నర్సు చెప్పేదాకా ఫోను చెవి నుంచి దించలేదు. తర్వాత పాత తేదీలు తిరగేసింది. ఆమె కొలిచిన వారంలో మూడు రోజులు ఓపీకి సెలవులు, పరీక్షలకు వచ్చినవాళ్లే తక్కువ.

"తప్పు నాదే," అంది.

మరుసటి సోమవారం తెర ముందు కూర్చోలేదు. కిందికి దిగి ల్యాబు కిటికీ దగ్గర నిలబడింది.

"ఏంటక్కా, ఎవరికి బాగాలేదు?" అంది రక్తం తీసే అమ్మాయి.

"అందరూ బాగానే ఉన్నారమ్మా. సోమవారం ఎంతమంది వస్తారో చూద్దామని."

వరస మలుపు తిరిగి మెట్లదాకా ఉంది. ఒక్కొక్కరినీ లెక్కపెడుతూ ఆమె దాని చివరికి నడిచింది.