చదవకుండా నానబెట్టని మనిషి

చదివి వినిపించని కాగితం మీద ఎనభై దాటిన మనిషి చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ వేలిముద్ర చూపించి ఆమెను దొంగ అన్నారు. అన్నది చాలక కాగితం మీద రాసి మా ఊరి పఠన మందిరం నోటీసు బోర్డుకు అంటించారు. ఆ మనిషి మొన్న బేస్తవారం పొద్దున చనిపోయింది. నోటీసు ఇంకా అక్కడే ఉంది.

ఆమె మా పక్కింటి అవ్వ. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. నోటీసు వల్లే పోయిందని నేను రాయను. వయసు అయింది, ఈ ఏటి ఎండలు ఎట్లా ఉన్నాయో మీకు తెలుసు, మూడు రోజులు జ్వరం వచ్చింది, పోయింది. చావును ఎవరి మీదా వేయను. దొంగ అన్న మాట వేరు. అది ఎవరు వేశారో వాళ్లే తీయాలి. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఊరంతా అవ్వ అనే పిలిచింది. పేరు పెట్టి రాసింది ఆ నోటీసు ఒక్కటే.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సు ఆగే ఊరు. నేను బీడీలు చేస్తాను. రెండో తరగతి దాకా బడికి పోయాను. ఆ తర్వాత చదివిందంతా అవ్వ వాకిట్లో చదివిందే. అది ఎట్లాగో చెబితే తప్ప ఆమె దొంగతనం చేయలేదని మీకు తెలియదు, అందుకే మొదటి నుంచి చెబుతాను.

ఎండాకాలం చివర, మామిడికాయ తొక్కులు జాడీలకు ఎక్కిన తర్వాత, వాన పడేలోపల మా వాడ ఆడవాళ్లకు కొన్నాళ్లు చేతులు కాస్త ఖాళీ అవుతాయి. ఖాళీ అంటే బీడీలు ఆగుతాయని కాదు. బీడీల నడుమ ఇంకో పని పెట్టుకుంటారు, తమ ఇష్టానికి చేసుకునే పని. ఒకరు పాత చీరలు కలిపి బొంత కుడతారు. ఒకరు చీపుర్లు కడతారు. అవ్వ కాగితాల గంపలు చేసేది. పాత పేపర్లు చింపి గోలెంలో నానేసి, రోజూ నీళ్లు మార్చి, నాలుగో నాడు నానిన మెంతులు కలిపి రోట్లో దంచేది. మెంతులు పడితే పురుగు పట్టదు. బోర్లించిన కుండ మీద తడిబట్ట పరిచి, ఆ ముద్దను దాని చుట్టూ మెత్తి, ఎండలో పెట్టేది. పైన ఎండి లోపల ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే కుండను తప్పించాలి. ఒక పూట ఆలస్యమైతే గంప పగులుతుంది. ఆ సమయం ఎప్పుడో ఆమె గోటితో కొట్టి, చప్పుడు విని చెప్పేది. నేను ఎన్నేళ్లు కొట్టి చూసినా నాకు ఒకటే చప్పుడు.

ఎల్లారెడ్డిలో తల్లిగారింట్లో నేర్చుకుందట. ఒక్కటీ అమ్మలేదు. పెళ్లయి పోయే పిల్లకు ఒకటి, కొత్తగా వేరుపడ్డ కోడలికి ఒకటి, అడిగినవాళ్లకు ఒకటి, అడగడానికి మొహమాటపడేవాళ్లకు కొంచెం పెద్దది. ఎండుమిర్చి, అటుకులు, దారపు ఉండలు వాటిల్లోనే ఉంటాయి. మా వాడలో అవ్వ గంప లేని ఇల్లు చూపిస్తే ఈ రాతను వెనక్కి తీసుకుంటాను. నోటీసు మీద సంతకం పెట్టిన పఠన మందిరం కార్యదర్శి ఇంట్లో రెండు ఉన్నాయి.

అవ్వకు అక్షరం రాదు. అయినా ఆమె దగ్గర ఒక పట్టు ఉండేది. ఏ కాగితాన్నీ చదివి వినిపించకుండా నీళ్లలో వేయనిచ్చేది కాదు. నాకు పదేళ్లప్పుడు పేపర్లు చింపడానికి సాయం కూర్చున్నాను. మొదటి పేపరు చింపబోతే చేయి పట్టుకుంది.

"సదవని కాయితం నానవెట్టద్దు బిడ్డా. ఎవ్వలో ఏదో చెప్పుకున్నరు. ఇనకుంట నీళ్లల్ల ముంచుతమా?"

నాకు సరిగా రాదన్నాను. వచ్చినకాడికి చదవమంది. అట్లా మొదలైంది. కూడబలుక్కుని చదివేదాన్ని. ఒక్క వార్తకు పొద్దు గూకేది. ఆమె తొందరపెట్టేది కాదు, అట్లాగని ఊరుకునేదీ కాదు. కష్టమైన మాట వచ్చినప్పుడు నేను గొణిగి దాటేస్తే రోకలి ఆగేది. ఏందో మింగినవ్, మళ్లా చదువు అనేది. తను చదవలేని మాటను నేను మింగానని ఆమెకు ఎట్లా తెలిసేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పేపర్లు ఏడాది పాతవి. ఆమెకు మాత్రం అవి ఆ పొద్దు జరిగినట్టే. ఫలానా వాగు మీద వంతెన మొదలుపెట్టారని చదివితే, అయిందా మరి అని అడిగేది. నాకేం తెలుసు? అయిందో లేదో చెప్పే పేపరు దొరికేదాకా కట్టంతా వెతికించేది. దొరక్కపోతే ఆ పేపరు పక్కకు పెట్టమనేది. తప్పిపోయిన మనుషుల ఫొటోలు వచ్చే ప్రకటనలైతే అసలే నానబెట్టనిచ్చేది కాదు. కత్తిరించి రేకు డబ్బాలో వేసేది. వాళ్లు ఇంటికి చేరారో లేదో తెలియకుండా ఎట్లా దంచుతామని వాదన.

ఒకసారి నేను బీడీలు ఇవ్వడానికి కామారెడ్డి కార్ఖానాకు పోతుంటే నాతో బస్సెక్కింది. కొంగు ముడిలో డబ్బాలోని కాగితం ముక్కలు కట్టుకొచ్చింది. నాకు చెప్పలేదు. బస్టాండులో చాయ్ పోసే ఆయన ముందు నిలబడి, ఒక ముక్క చూసి ఆయన ముఖం చూసి, మళ్లీ ముక్క చూస్తోంది.

"ఏందవ్వా, గట్ల జూస్తున్నవ్? బాకీ ఉన్ననా నీకు?"

"నీ ఎడమ చెంప మీద మచ్చ ఏమైంది?"

"నాకు మచ్చేడిది?"

"లేదా? అయితే నువ్వు గాదు. ఒక చాయ్ పొయ్యి."

బస్టాండంతా నవ్వింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆమె మాత్రం చాయ్ తాగుతూ ఇంకో ముక్క విప్పింది. మనుషులను అంత పట్టించుకున్న ఆమె ఒకరి సొత్తు ఎత్తుకుపోయిందని రాశారు.

ఇప్పుడు అసలు సంగతి. పఠన మందిరాన్ని మేం పేపర్ల రూము అంటాం. దాన్ని చూసుకునే పాతాయన ఏటా ఎండాకాలంలో పాత పేపర్ల కట్ట తనే తెచ్చి అవ్వ అరుగు మీద వేసేవాడు. చెదలకు పోయేకంటే నయం అనేవాడు. ఆయన ఊరు విడిచి పోయాక, ఇప్పటి కార్యదర్శి అవ్వను పిలిచి మూలన పడేసినవి తీసుకుపొమ్మన్నాడు. ఈ ఏడూ అట్లాగే అన్నాడు. నేనే పోయి కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చాను. అది దొంగతనమైతే మోసిన నేను ముందు దొంగను. నా పేరు నోటీసులో ఎందుకు లేదు? నాకు చదవడం వచ్చు కాబట్టి లేదు.

ఆ కట్ట మధ్యలో గట్టి అట్ట వేసిన పుస్తకం ఒకటి వచ్చింది. తీసి చదవడం మొదలుపెట్టాను. ఏ పుస్తకం ఎవరు తీసుకుపోయారో రాసుకున్న రిజిస్టరు అది. నాలుగు పేర్లు చదవగానే అవ్వ చెయ్యెత్తింది. ఇందులో ఉన్నది బతికి ఉన్న మంది, ఇది నానేది కాదు, ఇచ్చి రావాలె అంది. సాయంత్రం నేను ఇస్తానన్నాను. వాళ్లు వెతుక్కుంటుంటారు అని వినలేదు. నేను కార్ఖానాకు పోయే బస్సుకు టైమైంది. ఆమె రిజిస్టరు కొంగులో చుట్టుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో బయలుదేరింది. ఒక్కపూట బీడీలు ఆలస్యమైతే ఏమయ్యేది? ఆ బస్సు నేనెందుకు ఎక్కాను? ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పుకోవాలి, అది వేరే.

తిరిగి వచ్చేసరికి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఎడమ బొటనవేలు నీలంగా ఉంది. ఏం కాగితమని అడిగాను. రిజిస్టరు ముట్టినట్టు రాసుకున్నారని చెప్పింది.

"నీకు సదివి ఇనిపించిండ్రా?"

వేలును కొంగుకు తుడుచుకుంది. రంగు పోలేదు.

"అది సదివే ఇల్లు గాదా బిడ్డా? ఆడ గూడ సదువుండ్రి అని ఎట్లడుగుత?"

మూడో నాడు నోటీసు పడింది. పఠన మందిరంలో దాచిన పత్రికల ఫైలు ఒకటి కనబడడం లేదట. రిజిస్టరు ఆమె దగ్గరే బయటపడింది గనుక ఫైలు కూడా ఆమే తీసింది, ఒప్పుకుని వేలిముద్ర వేసింది, ఇకపై ఆమెను లోపలికి రానివ్వకూడదు. ఇది సారాంశం. రిజిస్టరును వెనక్కి తెచ్చి ఇవ్వకపోయి ఉంటే ఆమె మీద ఏ మాటా పడేది కాదు. రోట్లో దంచేసి ఉంటే ఇప్పటికి గంప అయ్యేది, అందులో ఎవరో మిర్చి పోసుకునేవాళ్లు. ఆ ఫైలు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసునని నేను రాయను, అది వాళ్ల పద్ధతి. మేం తెచ్చిన కట్టలో మాత్రం ఆ ఫైలు లేదు. కట్టలోని ప్రతి కాగితం నా నోటితో చదివాను కాబట్టి చెబుతున్నాను.

బోర్డు మీద ఏదో పడిందని తన కోడలు చెబితే అవ్వ నన్ను అడిగింది. పోయి చదివి వచ్చి చెప్పమంది. మెత్తగా మార్చి చెబుదామని దారంతా అనుకున్నాను. ఆమె ముందు కూర్చున్నాక నా చేత కాలేదు. ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట మింగకుండా చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను.

"నా పేరు సక్కగనే రాసిండ్రా?"

"సక్కగనే రాసిండ్రు."

"ఇన్నేండ్లకు పేపర్ల రూముల నా పేరు పడ్డది" అని నవ్వింది. నవ్వి, రోకలి అందుకుంది. ఈ ఏటి ముద్ద మొత్తం దంచింది. తల వంచుకుని ఇంట్లో కూర్చోలేదు. మరునాడు కొత్త గంపను తెచ్చి, బోర్డుకు ఎదురుగా ఉన్న, వడ్లు నూర్చే కల్లెం గోడ మీద ఎండకు పెట్టింది. అక్కడే ఎందుకు పెట్టావంటే, ఆడ ఎండ బాగుంటది అంది. నాలుగు రోజులు పొద్దున తెచ్చి పెట్టి, సాయంత్రం తీసుకుపోయింది. వచ్చేపోయేవాళ్లందరినీ పేరు పెట్టి పలకరించింది. కొందరు పలికారు. కొందరు చెప్పులు చూసుకుంటూ పోయారు.

నేను కార్యదర్శి దగ్గరికి పోయాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. వేలిముద్ర ఉంది కదా, ఇంకేం కావాలి అన్నాడు.

"ఏలు అవ్వది. మాటలు మీయి" అన్నాను.

బీడీలు చేసుకునేదానికి ఇన్ని మాటలు ఎక్కడివి అని అడిగాడు. మీరు పడేసిన పేపర్లలోంచి వచ్చినయని చెప్పాను. కమిటీ ముందు పెడతానన్నాడు. కమిటీ కూర్చోలేదు. అవ్వకు జ్వరం వచ్చింది.

బేస్తవారం మధ్యాహ్నం పాడె ఆ దారినే పోయింది. ఊరికి ఇంకో దారి లేదు. డప్పు ముందు పోతోంది, వెనక అవ్వ, ఆ వెనక మేం. పేపర్ల రూము ముందుకు రాగానే నేను ఆగి చూశాను. నోటీసుకు ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. దాని కింద నుంచి ఆమెను మోసుకుపోయారు. కమిటీ మనుషులు ఇద్దరు భుజాల మీద తువ్వాళ్లు వేసుకుని మాతో నడిచారు. ఒకరు పాడె కూడా పట్టారు. పట్టిన చేయి ఒక్కసారి పైకి చాస్తే ఆ కాగితం అందేది. చాచలేదు. నేను ఎందుకు చింపలేదని మీరు అడగొచ్చు. నేను చింపితే అది వాళ్ల లెక్కలో పోయిన ఇంకో కాగితం అవుతుంది. వాళ్లు తీస్తేనే తప్పు ఒప్పుకున్నట్టు.

ఈ రాత పేపర్లో అచ్చయితే అదే గదిలో, పేపర్లు పరిచే బల్ల మీద పడుతుందని నాకు తెలుసు. కాబట్టి కార్యదర్శికీ కమిటీకీ ఇక్కడే చెబుతున్నాను. అవ్వ వేలిముద్ర వేసిన కాగితాన్ని బయటికి తీయండి. నోటీసు బోర్డు ముందు, వాడ మంది అంతా వినేటట్టు, కార్యదర్శి తన నోటితో మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ మాటలు ఆమెవి అనిపిస్తే అక్కడే అనండి, నేనూ వింటాను. చదివాక నోటీసు మీ చేతులతో తీసేయండి. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, ఆమె పూర్తి పేరు రాసి, ఆమె మా రిజిస్టరు మాకు తెచ్చి ఇచ్చింది, మా ఫైలు తీయలేదు, మేం తప్పు రాశాం అని అంటించండి. చాటుగా ఇంటికి వచ్చి కోడలితో రెండు మంచి మాటలు చెప్పిపోతే ఒప్పుకోం.

మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి. ఆ లోపల జవాబు రాకపోతే, మిరుగం మరునాటి నుంచి ఆకు, తంబాకు, కత్తెర తెచ్చుకుని ఆ గది గడప ముందే కూర్చుంటాను. బీడీలు ఎక్కడ కూర్చుని అయినా చేయొచ్చు. పేపరు చదవడానికి వచ్చే ప్రతి మనిషికీ ఈ సంగతి నేనే చెబుతాను, వానలోనైనా. నాతో కూర్చుంటామని ఇప్పటికే వాడలో పదకొండు మంది అన్నారు.

జవాబు నాకు వద్దు. బోర్డు మీద రాయండి. మిరుగం నాడు పొద్దు గూకేలోపల రాయండి.