కుడి కంట్లో కొడవలి

దయ్యాలు, గాలి సోకడాలు చెప్పేవాళ్లను నేను ఏనాడూ నమ్మలేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసినా, మా ఊరి గ్రంథాలయంలో సైన్సు, ఆరోగ్యం అల్మారాలు రెండూ మొదటి పుస్తకం నుంచి చివరిదాకా చదివినవాణ్ని. ఇది చదివి కొందరు నవ్వుకుంటారు. రెండేళ్ల కిందట నేనూ నవ్వేవాణ్నే.

డోన్ శివారులో బండల పాలిష్ ఫ్యాక్టరీలో నా పని. మెషిన్ మీదికి పోయే ముందు బండ అంచులను ఉలితో కొట్టి సరిచేస్తాం. రాతి పెచ్చులు కంట్లో పడటం మాకు మామూలే. ఇదివరకు నలుసు పడితే నాలుక కొసతో తీసే ఒక ముసలామె దగ్గరికి పోయేవాళ్లు. అది ఎంత ప్రమాదమో పుస్తకం తెచ్చి అందరికీ చదివి వినిపించి మాన్పించింది నేనే. అప్పటినుంచి కంటి సంగతి ఏదొచ్చినా నన్నే అడిగేవాళ్లు. నాకది గర్వంగా ఉండేది.

నా పక్కన కూర్చుని పనిచేసే సుంకన్నకు ఒకరోజు పెచ్చు ఎగిరి కుడి కంటికి తగిలింది. నెత్తురు రాలేదు, కొంచెం ఎర్రబడిందంతే. మరుసటి రోజు పొద్దున వచ్చి చెప్పాడు.

"మద్దిలేటీ, కండ్ల ముందర ఏందో తిరుగుతాండాదప్పా. ఈగనుకొని చెయ్యి ఇసురుతాంటే, ఇంట్లో ఆడోళ్లు నాకేమో పట్టిందనుకుంటాండారు."

కొలతలు రాసే సుద్దముక్కతో ఎదురుగా ఉన్న బండ మీద గీసి చూపించాడు. కొడవలిలా వంగిన పోగు, దాని కొసన రెండు చుక్కలు.

"కర్నూలుకు పోయి చూపించుకుందునా?"

కంటి లోపలి జిగురులో తేలే పోగుల నీడ అదని, పట్టించుకోకపోతే అలవాటైపోతుందని నేను చదివి ఉన్నాను. "ఏం కాదులే, దాని పాటికి దాన్ని వదిలేయ్" అని పదిమంది ముందర చెప్పాను. అందరూ తలలూపారు.

ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఆ పుస్తకమే మళ్లీ తీశాను. మొదటిసారి పేజీ చివర ఆగిపోయి ఉన్నాను. తిప్పితే ఉంది. దెబ్బ తగిలాక ఇవి కొత్తగా కనబడితే, మెరుపులు తోడైతే, ఒక్కరోజు కూడా ఆగకుండా కంటి డాక్టరుకు చూపించాలట. లేకపోతే చూపు పోవచ్చట.

సుంకన్న ఇల్లు అక్కడికి రెండు వీధుల దూరం. నేను పోలేదు. పదిమందిలో అన్న మాట మార్చుకోవడానికి మనసు రాలేదు. రెండు రోజులు అతని పక్కనే కూర్చుని పనిచేశాను. మెరుపులు వస్తున్నాయని అతను చెప్పినప్పుడు కూడా తల వంచుకుని బండ కొట్టాను. మూడో రోజు ఆ కంటికి తెర దిగింది. కర్నూలులో ఆపరేషన్ చేశారు గాని, ఆలస్యమైంది. చూపు రాలేదు.

ఏడాది తర్వాత నాకు పెచ్చు తగిలింది, ఎడమ కంటికి. ఉలి అక్కడే పడేసి కర్నూలు బస్సెక్కాను. ఎడమ కంటి పైపొర మీద చిన్న గీత పడిందని, లోపల రెండు కళ్లూ బాగున్నాయని డాక్టరు చెప్పాడు.

నాలుగో రోజు, ఎండలో సున్నపు గోడ వైపు చూస్తుంటే కనబడింది. కొడవలిలా వంగిన పోగు.

కుడి కన్ను మూశాను. పోయింది. ఎడమ కన్ను మూశాను. ఉంది. దెబ్బ తగలని కంట్లో ఉంది.

మళ్లీ కర్నూలు పోయాను. కుడి కంట్లో నీడ పడేటంతటిది ఏదీ లేదన్నాడు డాక్టరు. పట్టించుకోవద్దన్నాడు.

సుంకన్న గీసిన బొమ్మ మనసులో ఉండిపోయి ఇలా కనబడుతోందేమో అనుకున్నాను. కానీ అతను గీసింది రెండు చుక్కలు. నాకు కనబడేవి మూడు. అంటే ఇది అతనిది కాదు, అదే నాకు ధైర్యం. కాగితం మీద గీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని అతని దగ్గరికి పోయాను. సుంకన్న ఇప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉంటాడు. కాగితం చూపించకుండా, నీకు కనబడింది ఇంకోసారి గీయమన్నాను.

రాతిపొడిలో వేలితో గీశాడు. పోగు, రెండు చుక్కలు. కొంచెం ఆగి మూడోది పెట్టాడు.

"ఇది తెర పడేదానికి ముందురోజు వచ్చిండె. ఎవరికీ చెప్పల్యా. చెప్తే మాత్రం ఏముండాదని?"

అప్పుడు చెప్పాను. తిప్పిన పేజీ సంగతి, పోని రెండు వీధుల సంగతి, అంతా.

సుంకన్న వేలికంటిన పొడి దులుపుకున్నాడు.

"నీ కంట్లో పడితే ఉలి యాడిదాడ పడేసి ఆ పొద్దే పోతివి కదప్పా కర్నూలుకు. అప్పుడే తెలిసె నాకు. నీ నోటితో చెప్తావా లేదా అని చూస్తాండా, అంతే" అన్నాడు.

చెప్పేస్తే పోతుందేమో అనుకున్నాను. పోలేదు. ఇలాంటి పోగులు చూపుతో పాటు జారిపోతాయని అన్ని పుస్తకాలూ అంటాయి. ఇదీ బయట అలాగే జారుతుంది. పుస్తకం తెరిస్తే మాత్రం కుడి పేజీ కింది మూలకు, వేలు పెట్టి తిప్పే చోటుకు వచ్చి నిలబడుతుంది. కారణం నాకు ఏ అల్మారాలోనూ దొరకలేదు.

పేజీ తిప్పేదాకా అది అక్కడినుంచి కదలదు.