కరెంటు తీగలో వచ్చిన బొమ్మ

వీధిలో అందరూ ఆయన్ని టెస్టర్ మామయ్య అంటారు. చొక్కా జేబులో పెన్ను లేకపోయినా టెస్టర్ ఉంటుంది మరి! నలభై ఏళ్లుగా కరెంటు పని. సొంత ఇంటికి వైరింగు చేసింది కూడా ఆయనే. ఏ తీగ ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్తాడు. అలాంటి మనిషి ఒక సాయంత్రం ఆ తీగల ముందే నోరెళ్లబెట్టాడు.

తుంటి విరిగి ఆయన అక్క మూడు నెలలుగా వెనకగదిలో మంచం మీదే ఉంది. ఆమె ఒక్కగానొక్క కూతురు ఆరోజు ఆరింటికి మొట్టమొదటిసారి టీవీలో వార్తలు చదవబోతోంది. వెనకగదిలో టీవీ ఉంది గానీ దానికి ఛానెళ్లు అందించే ఇంటర్నెట్ పెట్టె ముందు హాల్లో ఉంది. మధ్యలో మూడు రాతిగోడలు. వైఫై రెండో గోడ దగ్గరే చతికిలబడింది. గోడ తొలుద్దామంటే దుమ్ముకి అక్కకి ఆయాసం. ఫోన్లో చూపిద్దామంటే అంత చిన్న తెర ఆమె కళ్లకి ఆనదు.

"ఊరంతా చూస్తుంది నా పిల్లని, నేను తప్ప," అంది అక్క పొద్దున్నే. ఆ మాట తమ్ముడికి ముల్లులా గుచ్చుకుంది.

అయిదున్నరకి కోడలు ఆఫీసు నుంచి వస్తూ రెండు చిన్న తెల్ల పెట్టెలు తెచ్చింది.

"హాల్లో ప్లగ్గుకి ఒకటి, అత్తయ్య గదిలో ఒకటి పెడితే చాలు మామయ్యా. కరెంటు తీగలోంచే బొమ్మ వెళ్తుంది."

ఆయన పగలబడి నవ్వాడు. "నా చెవిలో పువ్వు పెడుతున్నావా అమ్మా? కరెంటు పోయే దారిలో బొమ్మెట్లా పోతుంది? మాడిపోదూ?"

"పెట్టి చూడండి, పోయేదేముంది!"

హాల్లో ఆమె పెట్టింది, వెనకగదిలో ఆయన పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ లేదు. ఆరుకి ఇంకా పది నిమిషాలు. అక్క తెరవైపే చూస్తూ పడుకుంది. ఆయనకి నవ్వెటు పోయిందో తెలీలేదు.

కోడలు వచ్చి చూసి తల పట్టుకుంది. "అయ్యో మామయ్యా! దీన్ని మీ బోర్డులో పెట్టారేంటి?"

ఏ వస్తువునీ నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకూడదని ఆయన నియమం. ముందు కరెంటు హెచ్చుతగ్గుల్ని వడకట్టే బోర్డు, ఆ తర్వాతే ఏదైనా. ఆ పట్టుదలతో వీధిలో ఎన్ని ఫ్రిజ్‌లు కాపాడాడో లెక్కలేదు.

"అది కరెంటు తప్ప అన్నిటినీ చెత్తే అనుకుంటుంది మామయ్యా. బొమ్మని కూడా వడకట్టేస్తోంది. తీసి గోడకే పెట్టండి."

"కాలిపోతే?"

"కాలదు. టైమెంతైందో చూశారా?"

నలభై ఏళ్ల నియమం. చెయ్యి ముందుకు రానంది. అక్క మొహం చూశాడు, పెట్టె పీకి గోడకి గుచ్చాడు.

లైటు పచ్చబడింది. తెర వెలిగింది. నిటారుగా కూర్చుని, కాస్త బెదురుగా, మేనకోడలు!

"గుక్క తిప్పుకోవే తల్లీ," అంది అక్క తెరతో.

ఆయన అరచెయ్యి గోడకి ఆనించి నిలబడిపోయాడు. హాల్లోంచి మీటరు దాకా, అక్కణ్ణించి పైకప్పు కింద నుంచి, కిటికీ పక్కగా... ఇది తను లాగిన దారే. ఫ్యాను తిప్పే కరెంటూ, పిల్ల నవ్వూ ఒకే తీగలో, ఒకదాన్నొకటి తొక్కుకోకుండా వచ్చేస్తున్నాయి. ఔరా! ఇన్నేళ్లూ దీని పక్కనే బతికి దీన్ని ఎరగనేలేదే అనుకున్నాడు.

"ఒరేయ్, ఆ ఫ్యాను ఆపరా. దాని మాట వినపడట్లేదు," అంది అక్క.

స్విచ్చు దాకా వెళ్లిన వేలు అక్కడే ఆగింది.

"అమ్మా," అన్నాడు కోడలితో, గొంతు తగ్గించి, "ఇది ఆపితే బొమ్మ పోదుగా?"

"పోదు మామయ్యా."

ఆపాడు. పిల్ల గొంతు గదంతా నిండింది. అక్క కళ్లు తెర మీంచి తిప్పకుండానే చెయ్యి చాపి తమ్ముడి చెయ్యి దొరకబుచ్చుకుంది.

"నువ్వేసిన తీగలోంచే వచ్చిందిరా నా పిల్ల," అంది.