సూర్యం చెప్పని బావి

సూర్యం పనిచేస్తున్న బావిలో నూనె పడిందనీ, కంపెనీ అతనికి పెద్ద ఉద్యోగం, కాకినాడలో ఇల్లు ఇచ్చిందనీ, ఇక మా రోహిణి అక్కను చేసుకోడనీ మా ఊరి పర్సుడీహ్ బజారులో సన్యాసమ్మ అత్త చెప్పింది. ఆమెదీ సూర్యం వాళ్ల వీధే.

"అంత అదృష్టం పట్టినోడు మీ బారిడీహ్ క్వార్టర్‌కి అల్లుడుగా ఎందుకొత్తాడే? మీ నాయనకి సెప్పు," అంది బెండకాయలు విరిచి చూస్తూ.

నేను చెప్పేలోపే నాన్నకు ఎవరో చెప్పేశారు.

సూర్యం సముద్రంలో నూనె బావులు తవ్వే రిగ్గు మీద పనిచేస్తాడు. అక్కకూ అతనికీ తాంబూలాలు అయిపోయాయి. సెలవులో ఉన్నాడని నాన్న ఆదివారం ఇంటికి పిలిచాడు.

నాన్న రోలింగ్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో డ్యూటీ దిగినవాణ్ణి "ఇవాళ ఎంత తీశారు?" అని అడగడం మంచినీళ్లు ఇవ్వడంలాంటిది. చెప్పనివాడు ఏదో చెడగొట్టి వచ్చినట్టే.

"నీ పని ఏటి బాబూ, అక్కడ?" అన్నాడు నాన్న.

సూర్యం హుషారుగానే మొదలుపెట్టాడు. "తవ్వే బరమా దిగుతుంటే అడుగున రాయి నలిగిపోద్ది మావయ్యా. పైనుంచి పంపిన బురద ఆ ముక్కల్ని మోసుకొత్తాది. జల్లెడలో కడిగి, ఆరబెట్టి, భూతద్దంలో చూత్తాం. ఇసకరాయైతే సందుల్లో నూనె నిలుత్తాది. పైన బంకమన్ను రాయి మూతలాగ ఉండాల, లేపోతే జారిపోద్ది. ఒక రకం నీలిదీపం కింద పెడితే నూనంటిన ముక్క పసుప్పచ్చగా మెరుత్తాది."

"మెరిసిందా?"

సూర్యం టీ గ్లాసు కింద పెట్టాడు. "అది సెప్పకూడదు మావయ్యా. కొత్త చోట తవ్వుతున్న బావి. కంపెనీ బయటపెట్టేదాకా ఇంట్లో కూడా సెప్పమని రాసిచ్చాం."

"నేనేటి, పక్క కంపెనీవోణ్ణా? మా మిల్లులో పట్టీ వంకరపోయినా కాలనీ అంతా తెలిసేది."

"మీది ఇనుము మావయ్యా. దాచినా దాగదు."

నాన్న నవ్వలేదు. నేను కర్టెను వెనక నుంచి చూస్తున్నాను. సూర్యం, వాళ్లమ్మ మోకాలి నొప్పి గురించి చెప్పినప్పుడు, మా నాన్న ముఖంలోకే చూశాడు. బావి మాట వస్తే చూపు గడప దగ్గరి బూట్ల మీదకు పోయింది. ఫోన్ మోగితే, పేరు చూసి, కట్ చేసి బోర్లా పెట్టాడు. నూనె పడే ఉంటుందనుకున్నాను.

"ఒకే మాట," అన్నాడు నాన్న. "పడిందా, లేదా? సెప్తే ముహూర్తం పెట్టుకుందాం. లేపోతే తాంబూలాలు తిరిగొత్తాయి."

అక్క ముందు గదిలోకి వచ్చేసింది. "పాపా, ఛోడియే నా! వదిలెయ్యి నాన్నా! నేనేమైనా బావిని పెళ్లి చేసుకుంటున్నానా?"

"నువ్వు లోపలికెళ్లు."

అక్క వెళ్లలేదు. సూర్యం ఆమె వంక చూశాడు. ఒక్క మాట అనేస్తాడేమో అనిపించింది.

"సెప్పలేను మావయ్యా," అని లేచాడు.

ఆ వారంలోనే తాంబూలాలు తిరిగి వెళ్లాయి. "నాను సెప్పలేదేటి? పెద్దింటి సంబంధం చూసుకుంటన్నాడు," అంది సన్యాసమ్మ అత్త. అక్క చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాట నమ్మానని నాతోనూ అంతంత మాత్రమే.

వానాకాలం చివర కంపెనీ ఆ బావి సంగతి బయటపెట్టింది. అందులో నూనె లేదు. ఇసుకరాయి నిండా ఉప్పునీళ్లే. ఆ ప్రకటనలోని తేదీల ప్రకారం, ఆ ఆదివారం మా ఇంట్లో కూర్చునేటప్పటికే సూర్యానికి ఆ సంగతి తెలుసు.