ఏడాది ఎందుకో చెప్పు తల్లీ

మా అమ్మ కళ్యాణదుర్గం కోర్టులో జడ్జమ్మను నిలదీసిందని ఊర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిలదీయలేదు, అడిగింది. ఆ తేడా తెలియనోళ్లతో నేను కొట్లాడతా, నాకేం సిగ్గు లేదు.

మా చిన్నప్పుడు అమ్మ చేతి దెబ్బ తినాలంటే, అది ఎందుకో ముందు మా నోటితోనే చెప్పాల. చెప్పేదాకా చీపురు గాల్లోనే ఉండేది. "ఎందుకో తెలీకుండా కొట్టేదానికి మీరేమన్నా గొడ్లా?" అనేది.

మా చెనిక్కాయ చేను ఎండిపోతాంటే పక్క చేనాయన ఉమ్మడి బోరు ఆపేసినాడని నా తమ్ముడు కట్టె తీసుకొని ఆయన్ను కొట్టినాడు. ఆయన చెయ్యి విరిగింది. ఇంట్లో మాత్రం "ఒక్కటే దెబ్బ అమ్మా, కోపంలో" అని ఒట్టేసినాడు. సాక్షులు చెప్పే రోజు మమ్మల్ని కోర్టుకు రావొద్దన్నాడు. ఇంకేముంది, నమ్మినాం.

తీర్పు రోజు జడ్జమ్మ నేరం రుజువైందని చెప్పి, శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటావా అని వాన్ని అడిగింది. మా లాయరే లేచి, మొదటి తప్పు, మందలించి వదిలేయమన్నాడు. ఏడాది జైలు అనింది ఆమె.

అమ్మ లేచింది.

"ఏడాది ఎందుకో చెప్పు తల్లీ."

బంట్రోతు కసిరినాడు. "తీర్పు కాపీలో అంతా రాసింటారు, కూర్చోమ్మా" అన్నాడు లాయరు.

"నాకు ఇంగ్లీషు రాదప్పా. లోపలికి పోయేది నా కొడుకు. నోటితో చెప్తే నేనూ ఇంటా, వాడూ ఇంటాడు."

జడ్జమ్మ నాకంటే చిన్నది. మండిపడతాదేమో అనుకున్నా. ఆమె బంట్రోతును ఆగమని, నిదానంగా తెలుగులో చెప్పింది. "నీళ్లు ఆపినారన్న కోపంలో కొట్టిన మొదటి దెబ్బకైతే వదిలేసేదాన్నేమో. పాత కేసులు లేవు కాబట్టి ఎక్కువ వేయలేదు. కానీ ఆయన కిందపడి, వద్దని తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాక మళ్లీ కొట్టినాడు. చెయ్యి విరిగింది ఆ దెబ్బకే. ఏడాది దానికమ్మా."

అమ్మ వాని వైపు తిరిగింది. "పడినోన్ని కొట్టినావేమిరా?"

వాడు రెండు చేతులతో మొగం కప్పుకున్నాడు.

"అట్లయితే సరే తల్లీ" అని చేతులు జోడించి కూర్చుంది. తమ్మున్ని పోలీసులు తీసుకపోతాండారు. అయినా సరే, అబ్బా, ఈమె మా అమ్మ అని ఆ కోర్టంతా వినబడేలా అరవాలనిపించింది. బయట లాయరు పై కోర్టుకు పోదామంటే, "ఎందుకో చెప్పినారు కదప్పా" అని బస్సెక్కింది. దోవ పొడుగునా కొంగుతో కండ్లు తుడుచుకుంటానే ఉండాది.

మొదటిసారి జైలుకు చూడబోయినప్పుడు తమ్ముడు జాలీ అవతల నిలబడినాడు. చిక్కిపోయినాడు.

"ఏం చేసి వచ్చినావని ఈడ అందరూ అడుగుతారమ్మా."

అమ్మ చిన్నప్పటి మాదిరే వాని నోటి దిక్కు చూస్తా నిలబడింది.

"పడినోన్ని కొట్టినా, దానికి వచ్చినా అని చెప్తాండా" అన్నాడు.

అమ్మ జాలీలోంచి వేళ్లు దూర్చి వాని వేళ్లు పట్టుకుంది. "కడుపుకు సరిగ్గా తింటాండావా, నాయనా?" అని అడిగింది.